కీర్తిశేషులు బాలరాజు గారి భార్య

శంషాబాద్‌లో ఉంటున్నానని చెబితే అందరూ ఒకటే అడుగుతారు: విమానాల చప్పుడుకు నిద్ర ఎలా పడుతుందండీ అని. చప్పుడుతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా పచ్చళ్లతో. 2008లో విమానాశ్రయం ఇటు వచ్చింది మొదలు, మా బంధువుల్లో ఎవరు ఏ దేశం బయలుదేరినా ఆరు గంటల ముందే మా ఇంట్లో దిగుతారు. హాల్లో పెట్టెలు విప్పి తూకం వేస్తారు. పెట్టె ఎప్పుడూ నాలుగు కిలోలు ఎక్కువే తూగుతుంది. అప్పుడు తీసేసేది చీరల్ని కాదు, చెప్పుల్ని కాదు, పచ్చడి సీసాని. "మీరు తినండి బాబాయ్" అని త్యాగం చేసినంత బరువుగా చెప్పి వెళ్లిపోతారు. నాకూ మా ఆవిడకూ ఇద్దరికీ రక్తపోటు. ఇంట్లో పదకొండు సీసాల ఆవకాయ. విమానాశ్రయం కట్టేముందు లాభనష్టాలు బేరీజు వేసిన పెద్దలెవరూ ఈ కోణం పరిశీలించినట్టు లేదు.

ఇది చెప్పుకున్నాక కాస్త తేలికపడ్డాను. ఇక అసలు సంగతి.

నేను పాస్టరుగా ముప్పై రెండేళ్లు పనిచేశాను. చివరి ఆరేళ్లు, అంటే 2008 నుంచి 2014 వరకు, శంషాబాద్‌లో. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు "మీ అనుభవాలు రాయండి అయ్యగారూ" అని అడిగారు. ఎక్కడి నుంచి ఎక్కడికి బదిలీ అయ్యానో, ఏ కమిటీలో ఏ పదవి వెలగబెట్టానో రాయను. అవి నాకే గుర్తు లేవు. నేను బాగా చేసిన పనులు కూడా పెద్దగా రాయను. వాటి గురించి వీడ్కోలు సభలో ఇతరులు మాట్లాడారు, ఒకాయన అయితే నేను చేయనివి కూడా చెప్పాడు. ఒక తప్పు గురించి రాస్తాను. అది పాస్టరు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. అందుకే మీకు పనికొస్తుంది.

ఈ పని ఏమిటంటే

చదువుకునేటప్పుడు మీకు గ్రీకు నేర్పుతారు. నేర్చుకోండి. ముప్పై రెండేళ్లలో నన్ను ఎవరూ గ్రీకులో ఏమీ అడగలేదు. అడిగినవి ఇవి: కుర్చీలు ఎన్ని చెప్పమంటారు, జనరేటర్ ఉందా, మా అల్లుడికి ఎయిర్‌పోర్టులో ఏదన్నా పని చూస్తారా, మా ఆయన తాగుడు మానాలంటే ఏ కీర్తన పాడాలి.

ఈ పనిలో సగం మనుషుల పేర్లు గుర్తుపెట్టుకోవడం. మిగతా సగం, ఆ పేర్లను ఎక్కడ ఎలా పలకాలో తెలియడం. ఇది నాకు మొదటి కొలువులోనే నేర్పారు. నేను సహాయ పాస్టరుగా చేరినప్పుడు నా పైన ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన ప్రసంగాలు అంతంత మాత్రం. అంత్యక్రియలు మాత్రం ఎంత చక్కగా జరిపేవారంటే, ముసలివాళ్లు ఆయనకు బదిలీ కాకముందే పోవాలని తొందరపడేవారు. ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు నేనే ఒక భూస్థాపన జరిపాను. రిజిస్టరులో ఉన్న పేరు స్పష్టంగా చదివాను. సమాధి చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేరేవాళ్ల శవం దగ్గరికి వచ్చామేమోనని వాళ్ల అనుమానం. పోయినాయన్ని జీవితమంతా అందరూ పిలిచిన పేరు వేరట.

పెద్దాయన తిరిగొచ్చాక విని, కళ్లజోడు తుడుచుకుంటూ ఒకే మాట అన్నారు: "ఇంటికి వెళ్లి అడిగి రాకుండా ఎవరినీ మట్టిలో పెట్టకు." ఆ రోజు నుంచి చనిపోయినవాళ్ల విషయంలో నేనెప్పుడూ పొరపాటు చేయలేదు. ఇంటికి వెళ్లేవాణ్ని, కూర్చునేవాణ్ని, అన్నీ అడిగేవాణ్ని. బతికున్నవాళ్ల విషయంలో అంత జాగ్రత్త అవసరం అనిపించలేదు. తేడా వస్తే వాళ్లే వచ్చి సరిచేస్తారు కదా అనుకున్నాను.

మూడడుగుల ఎత్తు

మా సంఘం పెద్దదేమీ కాదు. కాటేదాన్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, విమానాశ్రయంలో సామాను మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, కారు నడిపేవాళ్లు, నలుగురైదుగురు టీచర్లు, అత్తాపూర్ నుంచి బస్సు పట్టుకుని వచ్చే రిటైరైన ఉద్యోగులు. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటాం. వారానికొక కొవ్వొత్తి వెలిగిస్తాం, ఎదురుచూడటం గురించి బోధిస్తాం. ఎదురుచూడటం గురించి నాకు బాగా తెలుసు. నాలుగు ప్రసంగాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

అయితే ఎదురుచూడటం మన తెలుగువాళ్లకు అంతగా పడదు. అందుకని సెమీ క్రిస్మస్ కనిపెట్టాం. అంటే అసలు పండుగకు రెండు మూడు వారాల ముందే షామియానా వేసి, స్టేజీ కట్టి, కేకు కోసి, ముఖ్య అతిథిని పిలిచి పండుగ చేసేయడం. అసలు రోజున ముఖ్య అతిథులు దొరకరు, వాళ్లకు పదిచోట్ల కేకులుంటాయి. సెమీ క్రిస్మస్‌లో ముఖ్య ఘట్టం చీరల పంపిణీ. సంఘంలోని వితంతువుల్ని స్టేజీ మీదికి పిలుస్తారు. అతిథి చీర ఇస్తారు. ఇచ్చే చేయీ తీసుకునే చేయీ చీర మీదే ఉండగా ఇద్దరూ కెమెరా వైపు తిరగాలి. ఫోటోగ్రాఫరు "అమ్మా, జర ఇటు" అంటాడు. చీర తీసుకోవడం అర నిమిషం, ఇటు తిరగడం రెండు నిమిషాలు.

స్టేజీ మూడడుగుల ఎత్తు ఉంటుంది. ఇచ్చేవాళ్లు పైనే కుర్చీల్లో ఉంటారు. తీసుకునేవాళ్లు మెట్లెక్కి వచ్చి, మెట్లు దిగి వెళ్లాలి. ఆ మెట్లకు పట్టుకునే ఊత ఉండదు. మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్ల కోసం పెట్టిన కార్యక్రమంలో ఊత ఎందుకు లేదని నేను కూడా చాలా ఏళ్లు ఆలోచించలేదు.

నేను వచ్చేసరికి మైకులో "విడోస్ అందరూ లైనులో రావాలి" అని పిలిచే పద్ధతి ఉండేది. నాకది ముల్లులా గుచ్చుకుంది. ఆ ఏడు ఆగమన కాలం మొదటి ఆదివారం మనిషి విలువ గురించే ప్రసంగించాను. ప్రతి మనిషిలోనూ దేవుని పోలిక ఉందని, దాన్ని లైనులో నిలబెట్టకూడదని చెప్పాను. బాగా వచ్చింది, ఇద్దరు ఏడ్చారు. చెప్పి ఊరుకోకుండా సంస్కరణ కూడా తెచ్చాను. ఇకమీదట పాస్టరే స్వయంగా ఒక్కొక్కరినీ పూర్తి మర్యాదతో పిలవాలి: "కీర్తిశేషులు ఫలానా గారి భార్య, శ్రీమతి ఫలానా గారు." అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

ఇప్పుడు చూడండి ఆ మర్యాద ఏం చేసిందో.

మూడుసార్లు

2011 డిసెంబరు. పంపిణీ జాబితా రాసేది మా సంఘ కార్యదర్శి దేవసహాయం గారు. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అక్షరం ముత్యంలా ఉంటుంది. ఆయన జాబితాలో మూడే వర్గాలు: వితంతువులు, వృద్ధులు, వికలాంగులు. ఆ ఏడు సుగుణమ్మ పేరు దగ్గర పెన్ను ఆగింది.

సుగుణమ్మ విమానాశ్రయంలో కాంట్రాక్టు మీద బాత్రూములు కడిగే పనిలో ఉండేది. పుట్టిల్లు మా విశ్వాసమే, అత్తిల్లు మామిడిపల్లి దగ్గర ఊళ్లో హిందూ రైతు కుటుంబం. ముప్పై అయిదేళ్లుంటాయేమో. డ్యూటీ నుంచి సరాసరి వచ్చేది, మెడలో గుర్తింపు కార్డుతోనే వెనక బెంచీలో కూర్చునేది.

"ఈవిడ్ని ఎందులో రాద్దాం అయ్యగారూ?" అన్నారు దేవసహాయం గారు. "భర్త బాలరాజు దుబాయి పోయాడట. ఫోనూ లేదు, జాడా లేదంటున్నారు. వితంతువు కాదు, వృద్ధురాలు కాదు, వికలాంగురాలు అసలే కాదు. కాని కష్టంలో ఉంది."

"ఏదో ఒకదాంట్లో రాయండి, చీర అందాలి" అన్నాను. ఇది నేను అక్షరాలా అన్న మాట. దయతో అన్నాను. నా తప్పుల్లో చాలావాటిని దయతోనే చేశాను.

ఆయన వితంతువుల్లో రాశారు. అందరి పేర్ల ముందూ పెట్టినట్టే భర్త పేరు ముందు "కీ.శే." పెట్టారు.

రెండో ఆదివారం సాయంత్రం సెమీ క్రిస్మస్. షామియానా నిండింది. రోడ్డు వైపు తిప్పి రెండు పెద్ద హారన్లు కట్టారు, కూరగాయల మార్కెట్టు దాకా వినిపిస్తాయి. స్థానిక నాయకుడొకాయన చీర పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నేను జాబితా చూసి చదివాను: "కీర్తిశేషులు బాలరాజు గారి భార్య, శ్రీమతి సుగుణమ్మ గారు."

సుగుణమ్మ కదల్లేదు. సిగ్గుపడుతోంది అనుకున్నాను. ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త ఆప్యాయంగా చదివాను. కదల్లేదు. మూడోసారి ప్రతి మాటా విడదీసి చదివాను. అప్పుడు లేచింది. స్టేజీ వైపు రాలేదు. కుర్చీల మధ్య నుంచి బయటికి, గేటు దాటి వెళ్లిపోయింది. పాపం, డ్యూటీకి టైమైందేమో అనుకుని తర్వాతి పేరు చదివాను.

ఒక చీర ఇవ్వడం కోసం ఒక మనిషిని చంపిన పాస్టర్లు చరిత్రలో ఎక్కువమంది ఉండరనుకుంటాను. మూడుసార్లు చంపినవాణ్ని బహుశా నేనొక్కణ్నే.

గేటు బయట

మంగళవారం పొద్దున సుగుణమ్మ మా ఇంటి గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అయ్యగారు, మీకు యాడికెల్లన్న కబురొచ్చిందా?"

"ఏ కబురమ్మా?"

"మా ఆయన సచ్చిపోయిండని."

"అయ్యో, లేదే!"

"మరి మైకుల మూడుసార్లు ఎట్ల జెప్పిన్రు?"

నేను నోరు తెరిచాను. జాబితా గురించి, మూడు వర్గాల గురించి, సంస్కరణ గురించి చెబుదామని. ఆమె ఆగలేదు.

"మా ఊరాయన తోటకూర దించి పోవుకుంట ఇన్నడంట. నేను ఇంటికి పొయ్యేసరికే మా అత్త వాకిట్ల వడి మొత్తుకుంటున్నది. అయితారం సంది బువ్వ ముట్టలే. సోమారం దినం జేస్తమని మా బావ మంగలిని మాట్లాడొచ్చిండు. ఆ దినం నా గాజులు పలగ్గొడ్తరంట, పుస్తె తీస్తరంట. కాదు కాదంటే నా మాట ఎవలింటున్నరు? అయ్యగారే జెప్పినంక నీకేం తెలుసు అంటున్నరు. మీరొచ్చి జెప్పున్రి."

మా ఆవిడ వెనక నిలబడి అంతా వింది. సుగుణమ్మ వెళ్లాక నా చేతికి స్కూటర్ తాళం ఇచ్చి, "మర్యాదగా పిలిచారు కదా, మర్యాదగా వెళ్లి రండి" అంది.

వెళ్లాను. సుగుణమ్మ బావ నర్సింహ కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. ఆయనకు నా మీద కోపం లేదు. అదే ఇబ్బంది అయింది. మనిషి నన్ను పూర్తిగా నమ్మాడు.

"మీరు పెద్దమనిషి. ఊకె అనరు. ఎంతో తెల్సుకొనే మైకుల జెప్పింటరు."

"తెలుసుకోలేదు నర్సింహ గారూ. లిస్టులో అలా ఉంది, నేను చదివాను."

"లిస్టు ఏడికెల్లొచ్చింది? ఎంబసీకెల్లా?"

"మా సెక్రటరీ రాశారు."

"ఆయన ఏ దేశంల ఉంటడు?"

"అత్తాపూర్‌లో."

గోడకు ఆనుకుని కూర్చున్న తల్లి మల్లమ్మ తలెత్తింది. రెండు రోజులుగా తిండి లేని గొంతు.

"ఎందుకు రాసిన్రు బిడ్డా గట్ల?"

"చీర ఇవ్వడానికమ్మా. భర్త లేనివాళ్లకే ఇస్తాం. అందుకని..."

"చీర కోసరమా?" అంది. "చీర కోసరం నా కొడుకును సంపిన్రా? మా ఇంట్ల చీరల్లేవని నీకెవలు జెప్పిన్రు?"

ముప్పై రెండేళ్లలో నేను విన్న ప్రసంగాల్లో మనిషి విలువ గురించి ఇంతకంటే సూటిగా చెప్పింది లేదు. ఆ సమయంలో మాత్రం చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

నర్సింహ నన్ను పక్కకు తీసుకువెళ్లాడు. గొంతు తగ్గించాడు. "అయ్యగారు, ఇంట్ల ఆడోళ్లున్నరని మీరు దాస్తున్నరు. నాకర్థమైతది. నాకొక్కనికే జెప్పున్రి. ఎట్ల వోయిండు?"

"దాచడం లేదు నర్సింహ గారూ. నాకు నిజంగా ఏమీ తెలియదు."

ఆయన నా భుజం తట్టాడు. "మంచిది. మీ మనసు మంచిది" అన్నాడు. ఓదార్చడానికి వెళ్లినవాణ్ని, ఓదార్పు పొంది తిరిగొచ్చాను. అరగంటసేపు నా తరఫున, జాబితా తరఫున, దేవసహాయం గారి తరఫున చెప్పుకున్నదంతా ఆ ఇంట్లో ఒక్క పనే చేసింది: బాలరాజు పోయాడన్న నమ్మకాన్ని ఇంకాస్త గట్టిపరిచింది.

సుగుణమ్మ స్కూటర్ దాకా వచ్చింది.

"చెప్పాను కదమ్మా" అన్నాను.

"పది మంది ముందల సంపి, ఇంట్ల కూసోని బతికిస్తే ఎవలు నమ్ముతరు? గాడనే జెప్పాలె. గదే మైకు, గవే హారన్లు. అయితారం జెప్పకుంటే సోమారం నా చేతులు బోసిగైతయ్."

మీకు నేను చెప్పదలచుకున్న సూత్రాల్లో ఇదే పెద్దది, నాది కాదు, ఆమెది. ఎక్కడ అవమానించామో అక్కడే నిలబడి సరిచేయాలి. గదిలో చెప్పిన క్షమాపణ మనకు హాయినిస్తుంది. అవతలివాళ్లకు ఏమీ ఇవ్వదు.

అచ్చుతప్పు

గురువారం దేవసహాయం గారు వచ్చారు. విషయం విని ఆయన నిజంగానే బాధపడ్డారు. కాని ఉద్యోగంలో ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసిన మనిషి, బాధను కూడా సరైన దారిలోనే పంపుతారు.

"అచ్చుతప్పు అందామా?"

"చేతిరాత కదండీ."

"పోనీ, సౌండ్ సిస్టం సరిగ్గా లేదందాం."

"మూడుసార్లు చదివాను."

"అదే మీతో వచ్చిన చిక్కు" అన్నారు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "అయ్యగారూ, ఒక మాట. పాస్టరు మైకు పట్టుకుని తప్పు చేశానంటే, రేపటి నుంచి మీరు చెప్పే మిగతావాటిని కూడా జనం అనుమానంగా వింటారు."

"వింటే చాలు."

"ఇంకో సంగతి. ఆ బాలరాజు బతికున్నాడని మీకు తెలుసా?"

"తెలియదు."

"మరి ఏం ప్రకటిస్తారు?"

ఆయన అడిగింది సరైన ప్రశ్న. మంచి సెక్రటరీ అంటే మన మంచి ఉద్దేశాన్ని ఇలాంటి ప్రశ్నతో నిలబెట్టేవాడు, అలాంటివాళ్లని పోగొట్టుకోకండి. చనిపోయాడని చెప్పడం ఎంత అబద్ధమో, బతికున్నాడని చెప్పడమూ అంతే అబద్ధం కావచ్చు. రెండు రోజులు కూర్చుని ఆరు వాక్యాలు రాశాను. మొదట "పొరపాటు జరిగింది" అని రాశాను. నిన్న వాన పడింది అన్నట్టు ఉంది, ఎవరి చేతా లేనట్టు. కొట్టేసి "నేను పొరపాటు చేశాను" అని రాశాను. చేయి అంత తేలిగ్గా కదల్లేదు. మీకూ కదలదు. అయినా రాయండి.

మూడో ఆదివారం

శనివారమే మైకు సెట్టు మనిషికి ఫోను చేసి హారన్లు మళ్లీ కట్టమన్నాను. "మల్లా సెమీ క్రిస్మసా సార్?" అన్నాడు. "కాదు, సెమీ పశ్చాత్తాపం" అన్నాను. దానికీ అదే రేటు అన్నాడు.

ఆదివారం పొద్దున గుడి నిండింది. మన సంఘాల్లో ప్రసంగం ఉందంటే రారు గాని, పాస్టరు ఏదో తప్పు ఒప్పుకుంటాడట అంటే అందరికీ వీలవుతుంది. నర్సింహ, మల్లమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. వెనక బెంచీలో సుగుణమ్మ పక్కన కూర్చున్నారు. మల్లమ్మకు ఎవరో దిండు తెచ్చిస్తే వద్దంది. మూడో కొవ్వొత్తి వెలిగించాం. నేను ప్రసంగ వేదిక ఎక్కలేదు, మైకు పట్టుకుని బెంచీల మధ్య కింద నిలబడ్డాను.

"గత ఆదివారం ఇక్కడ, ఇదే మైకులో, దుబాయి వెళ్లిన బాలరాజు గారిని నేను కీర్తిశేషులు అని చదివాను..."

సరిగ్గా అప్పుడు మా పైనుంచి విమానం వెళ్లింది. అంత కిందుగా వెళ్లేదానితో పోటీ పడే హారన్లు ఇంకా రాలేదు. ఆగాను. అందరూ పైకప్పు వైపు చూశారు. చప్పుడు తగ్గాక మొదటి నుంచి మొదలుపెట్టాను.

"...నాకు ఏ కబురూ రాలేదు. ఎవరూ నాకు చెప్పలేదు. చీర ఇవ్వడానికి వీలుగా ఉంటుందని రాయించాను, కనుక్కోకుండా చదివాను. పొరపాటు చేసింది నేను. సుగుణమ్మ గారినీ, మల్లమ్మ గారినీ, ఆ కుటుంబాన్నీ నన్ను క్షమించమని అడుగుతున్నాను."

కూర్చోబోతుంటే వెనక నుంచి నర్సింహ లేచాడు. గుడిలో ప్రశ్నలు అడగకూడదని ఆయనకు తెలియదు. తెలియకపోవడం మంచిదైంది.

"అంటే ఉన్నడా, లేడా?"

గుడి మొత్తం నా వైపు తిరిగింది. దేవసహాయం గారు కళ్లు మూసుకున్నారు.

"నాకు తెలియదు" అన్నాను.

హారన్లు ఆ మాటను తీసుకెళ్లి కూరగాయల మార్కెట్టు దాకా వినిపించాయి. ఇన్నేళ్లలో మైకులో నేను చెప్పినవాటిలో ప్రమాణం చేసి నిజమనగలిగిన వాక్యం అదొక్కటేనేమో.

మల్లమ్మ కొడుకు మోచేయి పట్టుకుని లాగింది. "ఇన్నవా? తెల్వదంట! సచ్చిపోయిండనలే, తెల్వదంట!" అని గట్టిగా అంది. తర్వాత మా ఆవిడ వైపు తిరిగింది. "అమ్మా, ఇంత బువ్వుంటే వెట్టు."

ప్రసంగం ఇంకా మొదలే కాలేదు. మా ఆవిడ లేచి మల్లమ్మను చేయి పట్టుకుని గుడి పక్కనే ఉన్న మా ఇంట్లోకి తీసుకుపోయింది. నర్సింహ బయటికి వెళ్లి, గోడ పక్కన నిలబడి ఫోనులో మంగలితో మాట్లాడటం కిటికీలోంచి అందరికీ వినిపించింది: "రేపు రాకు అన్నా. దినం లేదు. ఏ, ఎందుకేంది? మనిషి పోయిండని ఎవలికీ తెల్వదు, గందుకు!"

ఆ తర్వాత మా సంఘంలో స్టేజీ మీద చీరలు పంచలేదు. మరుసటి ఏడు ఇంటింటికీ మేమే వెళ్లాం, కావాలా అని ముందు అడిగి. కొందరు వద్దన్నారు. ఒకావిడ చీర వద్దు గాని కరెంటు మీటరు సంగతి చూడమంది, దేవసహాయం గారు ఎంత సంతోషంగా వెళ్లారో చెప్పలేను. జాబితాలో నాలుగో వర్గం పెట్టలేదు, ఉన్న మూడూ తీసేశాం. ముఖ్య అతిథులు తగ్గారు. ఎవరూ బెంగపెట్టుకోలేదు. మనిషి గౌరవం కాపాడాలంటే గొప్ప మాటలు అక్కర్లేదు, ముందు ఆ ఇంటి చాయ్ తాగండి, తర్వాత నోరు విప్పండి. ఈ విషయంలో నాకు ఇప్పుడు ఏ సందేహమూ లేదు.

ఆ ఆదివారం మాత్రం నేను ఇంతకంటే ధీమాగా ఉన్నాను. ఆరాధన ముగిసింది. జనం వచ్చి చేయి కలిపారు. "ధైర్యం చేశారు" అని ఒక టీచరు అన్నాడు. "అనుకున్నంత నష్టం జరగలేదు" అన్నారు దేవసహాయం గారు, ఆయన భాషలో అది పెద్ద పొగడ్త. సుగుణమ్మ మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటోంది. మధ్యాహ్నం డ్యూటీ ఉంది, కార్డు మెడలో వేసుకుంది, రెండు చేతులకూ గాజులు నిండుగా ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్లాను. థాంక్స్ చెబుతుందని అనుకున్నానని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

"ఇప్పుడు సరిపోయిందా సుగుణమ్మా?" అన్నాను.

ఆమె చెప్పు సరిచేసుకుని నిలబడింది.

"దినం ఆగింది, మంచిగైంది. కని మా ఆయన దుబాయి పోలే అయ్యగారు. నాలుగేండ్ల సంది గీ గుడికొస్తున్న, ఏ దేశం పోయిండని మీల ఒక్కలన్న అడిగిన్రా?"